సెకండ్ గ్రేడ్‌లో సైన్స్ అసలు చెప్తున్నారా? మీ పిల్లల స్కూల్లో వారానికి ఎన్ని రోజులు? (అమెరికా పబ్లిక్ స్కూళ్ళు)

టెక్సాస్_నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పబ్లిక్ స్కూల్లో సెకండ్ గ్రేడ్. శుక్రవారం ఫోల్డర్ ఇంటికొస్తుంది కదా, అందులో రీడింగ్ కాగితాలు, లెక్కల కాగితాలు బోలెడు. సైన్స్‌ది ఎప్పుడో ఒకటి కనిపిస్తుంది. రిపోర్ట్ కార్డులో మాత్రం సైన్స్‌కి ఒక గడి ఉంది, మార్కు కూడా పడింది! "సైన్స్ ఎప్పుడు చెప్తారమ్మా?" అని అడిగితే "టైమ్ మిగిలితే చెప్తారు నాన్నా" అంది. కిండర్ (ఫస్ట్ గ్రేడ్‌కి ముందు తరగతి) నుంచి థర్డ్ గ్రేడ్ దాకా మీ దగ్గర సైన్స్ వారానికి ఎన్ని రోజులు, రోజుకి ఎంతసేపు? మా స్కూల్ ఒక్కటే ఇలా ఉందా, అంతటా ఇంతేనా? ప్రైవేటుకి మార్చమనే సలహా మాత్రం వద్దండీ, అది మాకు కుదరదు.

మూడో_బెంచి
అంతటా ఇంతే అన్నా. మావాడికి కిండర్‌లో సైన్స్ అంటే శుక్రవారం మధ్యాహ్నం ఒక వీడియో.

జెర్సీ_అమ్మ
మా దగ్గర సైన్స్, సోషల్ స్టడీస్ ఒకే పీరియడ్‌ని పంచుకుంటాయి. కొన్ని వారాలు సైన్స్ యూనిట్, అది అయ్యాక కొన్ని వారాలు సోషల్. సోషల్ నడిచే రోజుల్లో సైన్స్ ఊసే ఉండదు. "వారానికి ఎన్ని రోజులు" అని అడిగితే ఏ నెలలో అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అక్టోబర్‌లో అడిగితే నాలుగు రోజులు, డిసెంబర్‌లో సున్నా. టీచర్ రెండుసార్లూ నిజమే చెప్తుంది.

బే_ఏరియా_బాబాయ్
ఎవరి స్కూల్ సంగతి వాళ్ళు చెప్తే తేలదు గానీ, దేశం మొత్తానికి అంకెలు ఉన్నాయి. హొరైజన్ రీసెర్చ్ అనే సంస్థ టీచర్లనే అడిగి చేసే సర్వే ఒకటుంది. 2018 సర్వే ప్రకారం కిండర్ నుంచి థర్డ్ గ్రేడ్ వరకు సైన్స్‌కి దొరికేది సగటున రోజుకి 18 నిమిషాలు. రీడింగ్, లాంగ్వేజ్ ఆర్ట్స్‌కి 89. లెక్కలకి 57. సోషల్‌కి 16, అంటే మనకంటే దీనంగా ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. 4 నుంచి 6 గ్రేడ్‌లకి వచ్చేసరికి సైన్స్ 27 నిమిషాలవుతుంది.

ఏడాదికి 180 స్కూల్ రోజులు అనుకుని గుణిస్తే సైన్స్‌కి వచ్చేది 54 గంటలు. రీడింగ్‌కి 267. రోజుకి ఆరేడు గంటలు స్కూల్లో ఉండే పిల్లలకి ఏడాది మొత్తం సైన్స్ కలిపితే ఎనిమిది తొమ్మిది రోజుల బడి.

టెక్సాస్_నాన్న గారి ప్రశ్నకి సూటి జవాబు కూడా అందులోనే ఉంది. ఏడాది పొడుగునా, అన్ని వారాల్లోనూ, దాదాపు ప్రతిరోజూ సైన్స్ జరిగే కె-3 (కిండర్ నుంచి థర్డ్) క్లాసులు 17 శాతం. 4-6లో 35 శాతం. కాబట్టి మీ స్కూల్ ఒక్కటే కాదు.

లెక్కల_పిచ్చి
నేను తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా. ఆరేడేళ్ళ పిల్లకి 18 నిమిషాలు తక్కువా? ముందు చదవడం రావాలి. చదవడం వచ్చినవాడు సైన్స్ పుస్తకం వాడే చదువుకుంటాడు. చదవడం రానివాడి ముందు గింజలు, అయస్కాంతాలు పెట్టి ఏం లాభం? థర్డ్ గ్రేడ్ దాటేలోగా రీడింగ్ కుదరకపోతే ఆ తర్వాత ఏ సబ్జెక్టూ కుదరదు. స్కూళ్ళు చేస్తున్నది సబబే అని నా అభిప్రాయం.

మూడో_బెంచి
వచ్చాడండీ 😄

రెండో_తరగతి_టీచరమ్మ
నేను పబ్లిక్ స్కూల్లో సెకండ్ గ్రేడ్ చెప్తాను. ఏ రాష్ట్రమో చెప్పను, మా ప్రిన్సిపాల్‌కి తెలుగు రాదు గానీ మా పేరెంట్స్‌లో కొందరికి వచ్చు.

ముందు ఆ 18 నిమిషాల సంగతి. అది సగటు. రోజూ గడియారం చూసుకుని 18 నిమిషాలు చెప్పే టీచర్ ఎక్కడా ఉండదు. అసలు 18 నిమిషాల్లో ఏ ప్రయోగమూ అవ్వదు, సామాను తీసి పంచేసరికే పది నిమిషాలు పోతుంది. జరిగేదేంటంటే యూనిట్ నడిచే వారాల్లో అరగంట, నలభై నిమిషాలు ఉంటుంది, మిగతా వారాల్లో ఏమీ ఉండదు. జెర్సీ_అమ్మ గారు చెప్పింది సరిగ్గా అదే.

ఇక ఆ పీరియడ్ రోజులో ఎక్కడుందో చూడండి. పొద్దున పిల్లలు చురుగ్గా ఉన్నప్పుడు లిటరసీ బ్లాక్, అంటే చదవడం, రాయడం. అది 90 నిమిషాలు, కొన్ని చోట్ల రెండు గంటలు. దాన్ని ముట్టుకోకూడదని స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ) నుంచే ఆర్డర్ ఉంటుంది. తర్వాత లెక్కలు, లంచ్, రీసెస్, ఆపైన మ్యూజిక్, ఆర్ట్, పీఈ లాంటి స్పెషల్స్. అన్నీ అయ్యాక రోజు చివర్లో మిగిలిన ముక్క సైన్స్‌కో సోషల్‌కో. అసెంబ్లీ ఉందంటే ఆ ముక్కే పోతుంది. ఫైర్ డ్రిల్, ఎవరిదో పుట్టినరోజు, మంచు పడుతుందని తొందరగా వదిలేయడం, అన్నిటికీ ఆ ముక్కే. టైమ్‌టేబుల్‌లో చివరన ఉన్నదానికి జరిగేది అంతే.

టీచర్లకి ఇష్టం లేక కాదండీ. మా మీద ఒత్తిడి రీడింగ్ స్కోర్ల కోసం. ఏడాదికి మూడుసార్లు రీడింగ్ స్క్రీనింగ్ టెస్ట్ పెట్టి, ఎవరు ఎర్ర గీత కింద ఉన్నారో మీటింగ్‌లో గోడ మీద చూపిస్తారు. సైన్స్‌కి అలాంటి మీటింగ్ ఒక్కటి కూడా నేను చూడలేదు.

టెక్సాస్_నాన్న
టీచరమ్మ గారూ, చాలా థాంక్సండీ. ఇది డిస్ట్రిక్ట్‌ల ఇష్టమా, పైనుంచి ఏదైనా రూల్ ఉందా? టెక్సాస్‌లో సైన్స్ ఇన్ని గంటలు చెప్పాలని ఎక్కడో చదివినట్టు గుర్తు.

బే_ఏరియా_బాబాయ్
గంటల లెక్క కాదండీ అది. టెక్సాస్ రాష్ట్రపు పాఠ్య ప్రమాణాల్లో (టెక్స్ అంటారు) ఉన్నది, సైన్స్‌కి ఇచ్చే సమయంలో ఎంత భాగం చేసి చూసే పనికి పోతే మంచిదో అన్న సూచన. కిండర్, ఫస్ట్ గ్రేడ్‌కి 80 శాతం, 2-3కి 60, 4-5కి 50. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ సైన్స్‌కి ఇచ్చేదే పావుగంట అయితే దాంట్లో 60 శాతం అంటే తొమ్మిది నిమిషాలు!

ఫెడరల్ రూల్ ఉంది గానీ అది టెస్టుల గురించి. అసలు కథ అక్కడే మొదలైంది. 2002 జనవరిలో వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం రీడింగ్, లెక్కల టెస్టులు 3 నుంచి 8 గ్రేడ్ దాకా ప్రతి ఏడాదీ పెట్టమంది. సైన్స్ టెస్ట్ మాత్రం 2007-08 నుంచి, అది కూడా 3-5లో ఒక్కసారి, 6-9లో ఒక్కసారి, 10-12లో ఒక్కసారి. పైగా ఆ చట్టం కింద స్కూల్ పాసా ఫెయిలా అని తేల్చే లెక్కలోకి సైన్స్ మార్కులు తీసుకోవాలన్న నియమం లేదు. 2015లో దాని బదులు వచ్చిన చట్టం కూడా టెస్టుల వరుసని అలాగే ఉంచింది.

3-5లో ఒక్కసారి అన్నప్పుడు రాష్ట్రాలు ఎక్కువగా ఫిఫ్త్ గ్రేడ్ ఎంచుకున్నాయి. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ మూడింట్లోనూ ఫిఫ్త్‌లోనే. సెకండ్ గ్రేడ్‌లో సైన్స్ మానేస్తే ఆ ఫలితం ఎక్కడైనా కనిపించేది మూడేళ్ళ తర్వాత. అప్పటికి ఆ టీచర్ వేరే గ్రేడ్‌కి, ప్రిన్సిపాల్ వేరే స్కూల్‌కి పోయి ఉంటారు. బాధ్యత ఎవరిది?

వర్జీనియా_వాసి
మా దగ్గర థర్డ్ గ్రేడ్‌లో కూడా సైన్స్ ఎస్‌ఓఎల్ టెస్ట్ (రాష్ట్రం పెట్టే పరీక్ష) ఉండేది. పిల్లల మీద టెస్టుల భారం ఎక్కువైందని 2014లో చట్టం చేసి థర్డ్ గ్రేడ్ సైన్స్, హిస్టరీ రెండూ ఎత్తేశారు. ఫిఫ్త్ గ్రేడ్ సైన్స్ ఉంది. ఎత్తేసినప్పుడు పేరెంట్స్ అంతా సంతోషించాం, టెస్టులు తగ్గాయని. టెస్ట్ పోతే దాని వెనకే పీరియడ్ కూడా సన్నబడుతుందని అప్పట్లో ఎవరూ అడగలేదు.

మూడో_బెంచి
అంటే ఏంటి, సెకండ్ గ్రేడ్‌కి కూడా సైన్స్ టెస్ట్ పెట్టమంటారా? మనవాళ్ళు వెంటనే దానికి కోచింగ్ సెంటర్ తెరుస్తారు.

వర్జీనియా_వాసి
నేను పెట్టమనలేదు బ్రదర్. టెస్ట్ లేకుండా పీరియడ్ నిలబడే దారి ఉందా అని అడుగుతున్నా.

జెర్సీ_అమ్మ
ఇంకొకటి కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మావాడు ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు ఈఎస్‌ఎల్‌కి (ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి చెప్పే ఇంగ్లీష్ క్లాసు) పిలుచుకెళ్ళేవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం అని ఫారంలో రాశాం కదా, టెస్ట్ పెట్టి అందులో వేశారు. మంచిదే. కానీ ఏ టైమ్‌లో తీసుకెళ్ళేవాళ్ళంటే సరిగ్గా సైన్స్ టైమ్‌లో. రీడింగ్, మ్యాథ్ టైమ్‌లో తీయకూడదు, లంచ్‌లో తీయకూడదు, ఇక మిగిలింది అదే. క్లాసు మొత్తం దీపాలు, నీడలు యూనిట్ చేస్తుంటే వీడు పక్క గదిలో ఫ్లాష్ కార్డులు చదివాడు. రిపోర్ట్ కార్డులో సైన్స్‌కి మామూలుగానే మార్కు వచ్చింది. ఏం చూసి వేశారో నాకు ఇప్పటికీ తెలీదు.

రెండో_తరగతి_టీచరమ్మ
జెర్సీ_అమ్మ గారూ, ఇది చాలా స్కూళ్ళలో జరుగుతోంది. ఈఎస్‌ఎల్ ఒక్కటే కాదు, రీడింగ్‌లో వెనకబడ్డ పిల్లల్ని స్పెషలిస్ట్ తీసుకెళ్ళేది కూడా అప్పుడే. అంటే మాటలు, విషయ పరిజ్ఞానం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే ఆ గదిలో ఉండరు. టైమ్‌టేబుల్‌లో సైన్స్ ఉన్నంత మాత్రాన మీ పిల్లకి సైన్స్ అందుతున్నట్టు కాదు. స్కూల్‌ని అడిగేటప్పుడు ఆ ప్రశ్న విడిగా అడగండి.

లెక్కల_పిచ్చి
నా ప్రశ్నకి జవాబు రాలేదు. చదవడం రాని పిల్లకి 89 నిమిషాల్లోంచి కోసి సైన్స్‌కి ఇస్తే నష్టం ఎవరికి?

రెండో_తరగతి_టీచరమ్మ
సరే, చెప్తాను. చదవడంలో రెండు పనులున్నాయి. అక్షరాలు కూడబలుక్కుని మాట పలకడం ఒకటి. ఆ మాటలన్నీ కలిపి ఏం చెప్తున్నాయో అర్థం చేసుకోవడం రెండోది. మొదటి దానికి ఫోనిక్స్ (ఏ అక్షరానికి ఏ శబ్దమో నేర్పడం) కావాలి, రోజూ కావాలి, దాంట్లో ఒక్క నిమిషం కోయమని నేను కూడా అనను. రెండోదానికి విషయం తెలిసి ఉండాలి. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు, పిల్లలకి బేస్‌బాల్ ఆట గురించి ఒక పాఠం ఇచ్చి. రీడింగ్‌లో వెనకబడి బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, రీడింగ్ బాగా వచ్చి బేస్‌బాల్ తెలియని వాళ్ళ కంటే పాఠాన్ని బాగా అర్థం చేసుకున్నారు. 89 నిమిషాల్లో "ముఖ్యాంశం కనుక్కో", "ఊహించి చెప్పు" అని వర్క్‌షీట్ల మీద వర్క్‌షీట్లు పోయే భాగం ఉంటుంది చూడండి, నేను కోయమనేది అక్కడ. అదే పని సీతాకోకచిలుక గురించి చదివిస్తూ చేయించొచ్చు కదా.

ఊరికే_చదివేవాడు
ఎప్పుడూ రాయను, ఈసారి రాయాలనిపించింది. టీచరమ్మ గారు చెప్పింది నాకు నచ్చింది గానీ ఎదురు సాక్ష్యం కూడా ఉంది. చదువుల విధానాల మీద పరిశోధన చేసే ఫోర్డమ్ ఇన్‌స్టిట్యూట్ 2020లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. ఎలిమెంటరీ గ్రేడ్‌లలో ఏ సబ్జెక్టుకి ఎక్కువ టైమ్ ఇస్తే ఫిఫ్త్ గ్రేడ్ నాటికి రీడింగ్ పెరిగిందో చూశారు. స్పష్టంగా లాభం కనిపించింది సోషల్ స్టడీస్‌కి. సైన్స్‌కి కాదు. తమాషా ఏంటంటే లాంగ్వేజ్ ఆర్ట్స్‌కి అదనంగా ఇచ్చిన టైమ్ వల్ల కూడా రీడింగ్ పెరగలేదు.

లెక్కల_పిచ్చి
చూశారా! సైన్స్ వల్ల రీడింగ్ పెరగదు.

ఊరికే_చదివేవాడు
నా చివరి వాక్యం కూడా చదవండి సార్ 🙂 అదనపు రీడింగ్ వల్ల కూడా పెరగలేదు. అంటే ఆ 89లోంచి కొంత తీసినా మీరు భయపడే నష్టం జరగకపోవచ్చు.

బే_ఏరియా_బాబాయ్
హార్వర్డ్‌లో జేమ్స్ కిమ్ బృందం నార్త్ కరోలినాలోని షార్లట్ ప్రాంతపు స్కూళ్ళలో ఫస్ట్ గ్రేడర్లతో చేసిన పని కూడా ఉంది. సైన్స్, సోషల్ విషయాలనే చదివిస్తూ, వాటి మాటలు నేర్పిస్తూ, వాటి మీదే రాయించారు. పిల్లల పదజాలం, రాత మెరుగుపడ్డాయి. ఇక్కడ తేడా ఏంటంటే వాళ్ళు ఊరికే నిమిషాలు పెంచలేదు, ఒక విషయాన్ని పట్టుకుని లోతుగా వెళ్ళారు. ఫోర్డమ్ వాళ్ళు కొలిచింది నిమిషాలు. ఆ నిమిషాల్లో ఏం జరిగిందో వాళ్ళ డేటాకి తెలీదు.

అసలు సైన్స్ టైమ్‌ని "రీడింగ్‌కి పనికొస్తుందా" అన్న గీటురాయి మీదే ఎందుకు కొలవాలి? రీడింగ్ టైమ్‌ని "సైన్స్‌కి పనికొస్తుందా" అని ఎవరూ కొలవరు. 2016లో మోర్గాన్ అనే పరిశోధకుడి బృందం చూపించింది ఏంటంటే సైన్స్‌లో పిల్లల మధ్య తేడాలు ఎనిమిదో తరగతిలో పుట్టడం లేదు. కిండర్‌కి వచ్చేసరికే లోకజ్ఞానంలో తేడా ఉంది, అదే థర్డ్ గ్రేడ్ సైన్స్ మార్కుల్లో కనబడుతోంది. మన పిల్లలకి ఇంట్లో పుస్తకాలు, మ్యూజియం మెంబర్‌షిప్, వేసవి క్యాంపులు ఉన్నాయి. అవేవీ లేని పిల్లకి ఆ 18 నిమిషాలే దిక్కు.

మూడో_బెంచి
మన రోజుల్లో మూడో తరగతిలోనే పరిసరాల విజ్ఞానం పుస్తకం ఉండేది. ఇక్కడి కంటే అదే నయం. మొత్తం బట్టీ కొట్టాం, ఇంకా గుర్తుంది.

నిర్వాహకుడు
ఇండియా చదువా అమెరికా చదువా అన్న చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే నలభై పేజీలు దాటింది. దయచేసి ఇక్కడ మొదలుపెట్టొద్దు.

వర్జీనియా_వాసి
2013లో కొత్త సైన్స్ ప్రమాణాలు వచ్చాయి కదా, ఎన్‌జీఎస్‌ఎస్. కిండర్ నుంచే గ్రేడ్ వారీగా రాశారు. దానివల్ల నిమిషాలు పెరగలేదా?

బే_ఏరియా_బాబాయ్
2012 సర్వేలో కె-3కి 19 నిమిషాలు. మధ్యలో కొత్త ప్రమాణాలు. 2018లో 18. ఏం నేర్పాలో మార్చారు, ఎప్పుడు నేర్పాలో ఎవరూ మార్చలేదు. కాలిఫోర్నియాలో మేం తీసుకున్నాం, టెక్సాస్, వర్జీనియా తీసుకోలేదు. దేశం మొత్తం సగటులో ఆ తేడాలన్నీ కలిసిపోతాయనుకోండి.

రెండో_తరగతి_టీచరమ్మ
ఆ ప్రమాణాలు మంచివే. కిండర్‌లో తోయడం, లాగడం, వాతావరణం. ఫస్ట్‌లో వెలుతురు, శబ్దం, ఆకాశం. సెకండ్‌లో పదార్థాలు, మొక్కలు, నేల మీద నీళ్ళు చేసే పని. పిల్లలు చూసి, వాదించుకుని, బొమ్మ గీసి చెప్పాలి. అది వీడియో పెట్టి చెప్పేది కాదు, దానికి టీచర్‌కి ధైర్యం కావాలి. మేం అన్ని సబ్జెక్టులూ ఒక్కరమే చెప్పేవాళ్ళం. బాబాయ్ గారు చెప్పిన 2018 సర్వేలోనే, సైన్స్ చెప్పడానికి బాగా సిద్ధంగా ఉన్నామన్న ఎలిమెంటరీ టీచర్లు 31 శాతం. రీడింగ్‌కి 77, లెక్కలకి 73. టైమ్ లేక చెప్పరు, చెప్పక అలవాటు కాదు, అలవాటు కాక టైమ్ దొరికినప్పుడు కూడా వీడియోనే పెడతారు. కొత్తగా వచ్చిన టీచర్లయితే "పిల్లలు నాకు తెలియనిది అడిగితే ఎలా" అని నాతోనే అన్నారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పేరెంట్-టీచర్ కాన్ఫరెన్స్‌కి వచ్చే మన పేరెంట్స్ అడిగేది, గిఫ్టెడ్ టెస్ట్ (ప్రతిభ ఉన్న పిల్లల్ని ఎంచే పరీక్ష) ఎప్పుడు, మ్యాథ్‌లో పై గ్రేడ్ వర్క్ ఇస్తారా, రీడింగ్ లెవెల్ ఎంత. సైన్స్ యూనిట్ ఏం నడుస్తోందని నన్నైతే ఎవరూ అడగలేదు. ప్రిన్సిపాల్‌కి కావలసిన సాకు మనమే ఇస్తున్నాం.

జెర్సీ_అమ్మ
తగిలింది గానీ నిజమే 😅

లెక్కల_పిచ్చి
సరే, ఫోనిక్స్ ముట్టుకోనంటే నాకు గొడవ లేదు. కానీ ఈ పేరెంట్ వెళ్ళి ఏం అడగాలి? "సైన్స్ చెప్తున్నారా" అంటే "అవునండీ, తప్పకుండా" అంటారు. నేనైతే అదే అంటాను.

రెండో_తరగతి_టీచరమ్మ
అలా అడగొద్దు. క్లాసు వారం షెడ్యూల్ కాగితం అడగండి, సామాన్యంగా ఇస్తారు. సైన్స్, సోషల్ ఒకే గడిలో ఉంటే ఈ ఏడాది ఏ నెలల్లో ఏది అని అడగండి. ఇప్పుడు ఏ యూనిట్, దాని ప్రయోగాల సామాను పెట్టె (కిట్) వచ్చిందా, పూర్తిగా ఉందా. ఆ టైమ్‌లో మా పిల్లని ఎక్కడికైనా తీసుకెళ్తున్నారా. కొన్ని స్కూళ్ళలో స్టెమ్ ల్యాబ్ అని స్పెషల్ ఉంటుంది, ఆరు రోజులకోసారో ఏడు రోజులకోసారో వంతు వస్తుంది. అది ఉందని చెప్పి క్లాసులో సైన్స్ ఎత్తేశారేమో కూడా చూడండి. టీచర్‌ని నిలదీసినట్టు మాత్రం అడగొద్దు, షెడ్యూల్ ఆమె చేతిలో లేదు. అసలు మాట ప్రిన్సిపాల్‌తో, ఆ పైన స్కూల్ బోర్డుతో. మీటింగ్‌లో పేరెంట్స్ మాట్లాడడానికి టైమ్ ఇస్తారు, లిటరసీ బ్లాక్ లోపల సైన్స్ పుస్తకాలు పెట్టమని అడిగితే ఎవరూ కాదనలేరు. నిమిషాలు పెంచమంటే మాత్రం "ఎక్కడ కోయాలి" అంటారు.

టెక్సాస్_నాన్న
అప్‌డేట్. కాన్ఫరెన్స్ అయింది. షెడ్యూల్ కాగితం ఇచ్చారు. 2:10 నుంచి 2:40 "సైన్స్/సోషల్", 2:40కి బ్యాగులు సర్దడం. టీచర్ చాలా మంచావిడ, నేను కిట్ గురించి అడగ్గానే మొహం వెలిగింది. మొక్కల యూనిట్ కిట్ గదిలోనే ఉందట, కానీ పోయిన ఏడాది వాడేశాక మళ్ళీ నింపలేదట, అందుకే వీడియోలతో సరిపెడుతున్నారట. దానికి డబ్బు ఎవరిస్తారో ఆవిడకీ తెలీదు. మా అమ్మాయిని ఆ టైమ్‌లో ఎక్కడికీ తీసుకెళ్ళడం లేదు, అది ఒక్కటి నయం. ప్రిన్సిపాల్‌తో మీటింగ్ అడిగాను. ఈలోపు కిట్ నింపడానికి పీటీఏని (పేరెంట్స్, టీచర్ల సంఘం) అడగొచ్చా?

రెండో_తరగతి_టీచరమ్మ
అడగొచ్చు, త్వరగా ఒప్పుకుంటారు కూడా. కానీ ముందు డిస్ట్రిక్ట్ సైన్స్ కోఆర్డినేటర్‌కి ఈమెయిల్ పెట్టమని మీ టీచర్‌తో చెప్పండి. చాలా డిస్ట్రిక్ట్‌లలో వాడేసే సామాన్లకి విడిగా బడ్జెట్ ఉంటుంది, అడిగిన స్కూల్‌కే పంపుతారు. పీటీఏ ఒకసారి కొనిస్తే వచ్చే ఏడాది కూడా వాళ్ళే కొనాలనే అలవాటు పడుతుంది. మట్టి, కప్పులు మీరిచ్చినా పర్లేదు. విత్తనాలు మాత్రం పెట్టెలో పాతవి మిగిలి ఉంటే వాడనివ్వకండి, సగం మొలవవు, పిల్లలు ఏడుస్తారు.

లెక్కల_పిచ్చి
ప్రిన్సిపాల్ ఏమన్నారో కూడా రాయండి. 2:10ని పొద్దుటికి మార్చమని అడగండి, వారానికి రెండు రోజులైనా చాలు.